కీబోర్డు మార్చేముందు దాని కాళ్ళు మడవండి

రోజంతా టైప్ చేస్తే మణికట్టు పీకేస్తోంది, మెకానికల్ కీబోర్డు (ప్రతి కీ కిందా విడిగా ఓ స్ప్రింగు స్విచ్ ఉండేది) కొంటే తగ్గుతుందా అని అడిగారు. తగ్గదు. నాకు తగ్గకపోగా ఇంట్లో తిట్లు మిగిలాయి.

నాది పొద్దున్నుంచి రాత్రిదాకా టైపింగ్ పనే. మూడేళ్ళ క్రితం కుడి మణికట్టు నొప్పి మొదలైతే, కనబడిన వీడియోలన్నీ చూసి బ్లూ స్విచ్‌ల కీబోర్డు, అంటే నొక్కినప్పుడల్లా టక్కుమనే రకం మెకానికల్‌ది, తెప్పించాను. టకటకమంటూ మొదటిరోజు భలే ఉంది. రెండో రాత్రి మా ఆవిడ పక్కగదిలోంచి లేచొచ్చి, "వడగళ్ళు పడుతున్నాయేమో, బట్టలు తీద్దామని లేచాను" అంది. చప్పుడు సంగతి అలా ఉంచితే, నొప్పి ఉన్నచోటే ఉంది.

ఓ రోజు మా అమ్మాయి కాలికి వైరు తగిలి కీబోర్డు కిందపడింది. వెనకవైపు ఎత్తు పెట్టుకునే రెండు చిన్న ప్లాస్టిక్ కాళ్ళలో ఒకటి విరిగింది. ఇక ఎడమవైపు ఏ కీ కొట్టినా కుంటిబల్లలా ఊగేది. విసుగొచ్చి రెండో కాలు కూడా మడిచేశాను. వారం తిరక్కుండానే, సాయంత్రాలు నేను చెయ్యి విదిలించుకోవడం మానేశానని మా ఆవిడే కనిపెట్టింది.

ఆ కాళ్ళు లేపి పెడితే అరచెయ్యి వెనక్కి వంగుతుంది. గంటలకొద్దీ ఆ వంపులోనే ఉంచితే మణికట్టు ఊరుకుంటుందా? అక్షరాలు వెతుక్కుని కొట్టేవాళ్ళకి కాస్త బాగా కనబడతాయేమో గానీ, చూడకుండా కొట్టేవాళ్ళకి అవి దండగ. కంపెనీలు ఇంకా ఎందుకు పెడతాయో! దానికి తోడు రంగురంగుల లైట్లొకటి. టైప్ చేసేటప్పుడు కీల వైపు చూసేదెవరు?

ఇంకో దొంగ నంబర్‌ప్యాడ్, కుడిచివర ఉండే అంకెల కీల గుంపు. 104 కీలలో ఆ 17 లేకపోతే మౌస్ బెత్తెడు దగ్గరికొస్తుంది. నా కుడిభుజం పట్టేసింది దానివల్లేనని నా గట్టి నమ్మకం. డాక్టర్ని అడగలేదు లెండి. అంకెలతో పనున్నవాళ్ళు నన్ను తిట్టకండి, మీకది కావాల్సిందే.

స్విచ్‌ల గొడవంటారా, టక్కుమనని రకమైన రెడ్ స్విచ్‌కి సుమారు 45 గ్రాముల ఒత్తిడి చాలు. 4 మిల్లీమీటర్లు దిగే కీ 2 మిల్లీమీటర్ల దగ్గరే అక్షరం వేసేస్తుంది. కానీ నాలా ప్రతి కీనీ అడుగుదాకా గుద్దేవాడికి ఆ సుఖం ఎక్కడిది? మెత్తగా కొట్టడం అలవాటైతే రబ్బరు డోమ్‌ల (కీల కింద స్ప్రింగు స్విచ్‌లకి బదులు రబ్బరు బుడిపెలుండే) మామూలు కీబోర్డు చాలు. ఇది రాస్తున్నదీ అలాంటిదాని మీదే, నంబర్‌ప్యాడ్ లేనిది.

కాబట్టి కొత్తది కొనేముందు ఉన్నదాన్నే కాళ్ళు మడిచి ఓ వారం వాడి చూడండి. వేళ్ళు మొద్దుబారడం, రాత్రిళ్ళు తిమ్మిర్లు ఉంటే మాత్రం నన్ను కాదు, డాక్టర్నే అడగండి. బ్లూ స్విచ్‌లది అటకెక్కింది. మా ఆవిడ దాన్ని దింపనివ్వదు.