బాస్కెట్‌బాల్ 2-3 జోన్‌లో కార్నర్ త్రీలు ఆగడం లేదన్న ప్రశ్నకు

తప్పు పిల్లల కాళ్లలో కాదు సార్, మీ కోర్టు మీది మూడు పాయింట్ల గీతలో ఉండొచ్చు. చిత్తూరులో మీ స్కూల్ జట్టు పదేళ్లుగా ఆడుతున్న 2-3 జోన్‌లో (ముందు ఇద్దరు, రింగ్ దగ్గర ముగ్గురు నిలబడి ఎవరి చోటు వాళ్లు కాపాడే డిఫెన్స్) ఇప్పుడు కార్నర్ త్రీలు (మూల నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) పడుతున్నాయని, ఎంత అరిచినా పిల్లలు ఆలస్యంగానే వెళ్తున్నారని రాశారు.

1. ముందు టేపు పట్టండి. రింగ్ నడిమికి సరిగ్గా కింద నుంచి ఆర్క్ (మూడు పాయింట్ల వంపు గీత) 6.75 మీటర్లు ఉండాలి. కార్నర్‌లో గీత సైడ్‌లైన్‌కు 0.90 మీటర్ల దూరంలో ఉండాలి. 6.25 వస్తే అది 2010కి ముందు గీత. పాత సిమెంటు కోర్టుల్లో దాని మీదే మళ్లీ మళ్లీ పెయింట్ వేస్తుంటారు. తిరుపతిలో మేం ఆడే చోటా ఇదే కథ. మీవాళ్లు అరమీటరు ముందే ఆగిపోతున్నారన్నమాట. చాక్‌పీస్‌తో కొత్త గీత గీయండి. ముగ్గుపిండి వద్దు, షూ జారుతుంది.

2. అందరూ వదిలేసేది ఇదే. బంతి వింగ్‌కు (కోర్టు పక్క వైపుకు) వెళ్లగానే కింది వరుస, అంటే రింగ్ దగ్గరి వరుస ఫార్వర్డ్ పైకొచ్చి అడ్డుకుంటాడు. ముందు వరుస గార్డు పరుగున వచ్చి, భుజం తట్టి "నాది" అనాలి. అప్పుడే ఫార్వర్డ్ కార్నర్‌కు దిగాలి. గార్డు రాకపోతే ఫార్వర్డ్ అక్కడే ఇరుక్కుంటాడు, కార్నర్ ఖాళీ. మీరు తిట్టేది ఫార్వర్డ్‌ని, ఆలస్యం గార్డుది!

దీన్ని మొదట నడుస్తూ చేయించండి. ఆ తర్వాతే పరుగు.

3. అయినా పడుతుంటే కొన్ని పొజెషన్లు (అవతలి జట్టు చేతికి బంతి వచ్చిన వంతులు) మ్యాన్ టు మ్యాన్‌కు, అంటే ఒక్కొక్కరు ఒక్కో ఆటగాణ్ని కాచుకునే పద్ధతికి మారండి. నేనూ చాన్నాళ్లు మొండికేశాను, వరుసగా రెండు మ్యాచ్‌లు పోయాక దిగొచ్చాను.

ముందు 6.25 వచ్చిందో 6.75 వచ్చిందో ఇక్కడే చెప్పండి.