ఉద్యోగం మానేస్తే ఈ దిగులు పోతుందా?

ప్రశ్న: నాకు 37 ఏళ్ళు. సింగరాయకొండ నుంచి రోజూ ఒంగోలు వెళ్ళి, ఒక ప్రైవేటు ఫైనాన్స్ కార్యాలయంలో బకాయిల వసూళ్ళ విభాగంలో పనిచేస్తున్నాను. నాలుగు నెలలుగా తెల్లవారుజామున మూడింటికే మెలకువ వస్తోంది, మళ్ళీ కన్ను మూతపడదు. పట్టుకెళ్ళిన క్యారియరు మూత తీయకుండానే ఇంటికి తెస్తున్నాను. పాప ఏదైనా చెబుతున్నా వినబుద్ధి కావడం లేదు. ఒక్కోసారి నిద్రలోనే పోతే బాగుండుననిపిస్తుంది. ఉద్యోగం మానేస్తే అంతా సర్దుకుంటుందని మా అత్తగారు, మందులు మొదలుపెడితే జీవితాంతం వదలవని మావారు అంటున్నారు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, ప్రకాశం జిల్లా

జవాబు: నిద్రలోనే పోతే బాగుండుననే మాటను మీరు ఒక్క ముక్కలో రాసి వదిలేశారు, కాని మేము అక్కడే మొదలుపెడతాము. ఆ మాటను ఈ రోజే మీవారికి ఉన్నదున్నట్టు చెప్పండి. ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వస్తే క్షణమైనా ఒంటరిగా ఉండక వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. 2022 అక్టోబరులో కేంద్రం ప్రారంభించిన టెలీ మానస్ అనే మానసిక ఆరోగ్య ఫోను సేవలో, 14416 నంబరుకు ఫోను చేసి రాత్రీ పగలూ తెలుగులోనే మాట్లాడవచ్చు.

రెండు వారాలకు మించి దాదాపు ప్రతిరోజూ దిగులుగా ఉండటం లేదా దేనిమీదా ఆసక్తి లేకపోవడం, దానితోబాటు నిద్ర, ఆకలి దెబ్బతినడం కనిపిస్తే వైద్యులు డిప్రెషన్‌ను అనుమానిస్తారు. మీవి నాలుగు నెలలు. అయితే థైరాయిడ్ మందగించినా, రక్తహీనత ఉన్నా ఇటువంటి నీరసమే వస్తుంది కనుక రక్తపరీక్షలు కూడా అవసరం. ఒంగోలు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలోని మానసిక వైద్య విభాగంలో చూపించుకోండి. మీ వివరాలను గోప్యంగా ఉంచవలసిన బాధ్యతను 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం వైద్యులపై పెట్టింది కాబట్టి, అక్కడినుంచి మాట మీ ఆఫీసుకు పొక్కుతుందని జంకవద్దు.

ఇక ఉద్యోగం. మీ అత్తగారి మాటలో సగం నిజముంది. కట్టలేనివాళ్ళ ఏడుపులు పగలంతా ఫోనులో విని, సాయంత్రం ఎంత వసూలైందో పైవాళ్ళకు లెక్క చెప్పే పని ఎవరినైనా నలగగొడుతుంది. (బాకీదారులకు ఉదయం 8కి ముందు, రాత్రి 7 తరువాత వసూలు ఫోన్లు చేయకూడదని రిజర్వు బ్యాంకు 2022 ఆగస్టులో చెప్పింది, ఆ ఫోన్లు చేసే ఆడపిల్లల అలసట మాత్రం ఎవరికీ పట్టలేదు.) అయినా రాజీనామా ఇప్పుడు రాయకండి. డిప్రెషన్‌లో ఉన్న మనసుకు ప్రతి తలుపూ మూసుకుపోయినట్టే కనిపిస్తుంది. అటువంటప్పుడు తీసుకున్న నిర్ణయం మీది కాదు, జబ్బుది. ఇంట్లో కూర్చున్నంత మాత్రాన మూడింటి మెలకువ పోదు, పైగా జీతం పోయిన బెంగ వచ్చి చేరుతుంది. వైద్యుల సర్టిఫికెట్‌తో కొన్నాళ్ళు సెలవు పెట్టండి, వేరే విభాగానికి మార్చమని అడగండి. కోలుకున్నాక కూడా ఆ పని వద్దనిపిస్తే అప్పుడు నిశ్చింతగా మానేయండి.

మందుల విషయంలో మీవారి భయం చాలామందికి ఉన్నదే. డిప్రెషన్‌కు సాధారణంగా ఇచ్చే మందులు, కొన్ని రకాల నిద్రమాత్రల్లాగా వ్యసనంగా మారేవి కావు. గుణం కనిపించడానికి రెండు నుంచి నాలుగు వారాలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ పడుతుంది. ఈలోగా కడుపులో వికారంగా ఉందని మానేసేవారూ ఉంటారు. మొదటిసారి వచ్చిన జబ్బయితే, తగ్గాక కూడా కనీసం ఆరు నెలలు వాడమంటారు. ఆపేటప్పుడు వైద్యుల సలహాతో మోతాదు నెమ్మదిగా తగ్గించుకోవాలి. మందులతోపాటు కౌన్సెలింగ్ కూడా అడగండి.

ఈలోగా ఉత్సాహం వచ్చాక చేద్దామని దేనికీ ఎదురుచూడకండి. ఈ జబ్బులో పని ముందు, ఉత్సాహం తరువాత. మధ్యాహ్నం ఒంటిగంటకు పక్క సీటు ఆమెతో కూర్చుని క్యారియరు మూత తీయండి, నాలుగు ముద్దలు తింటే చాలు. వారం రోజులపాటు పొద్దున వంట మీవారికో, అత్తగారికో అప్పగించండి. ఆసుపత్రికి మీవారిని కూడా వెంటబెట్టుకు వెళ్ళి, మందులు జీవితాంతం వదలవా అన్న ప్రశ్నను ఆయనచేతనే వైద్యులను అడిగించండి.