గ్రాంటు రూల్స్ మారాయట, మా అమ్మాయి పీహెచ్‌డీ ఏమవుతుంది?

ప్రశ్న: మా అమ్మాయి ఎమ్మెస్సీ బయోకెమిస్ట్రీ ఫైనలియర్. అమెరికాలో పీహెచ్‌డీకి అప్లై చేద్దామని రెండేళ్లుగా అనుకుంటున్నాం. ఇప్పుడు అక్కడ ఎన్‌ఐహెచ్ (వైద్య పరిశోధనకు డబ్బిచ్చే అమెరికా ప్రభుత్వ సంస్థ) గ్రాంట్ల రూల్స్ మార్చారని, ఏఐతో రాస్తే కొట్టేస్తారని అంటున్నారు. విజయవాడలో ఒక కన్సల్టెన్సీ ఎస్‌వోపీ (ఎందుకు చదవాలనుకుంటున్నామో అప్లికేషన్‌తో పంపే వ్యాసం) తామే రాసి, అమ్మాయి పేరుతో రెండు రీసెర్చ్ పేపర్లు కూడా వేయిస్తామంటోంది. అమెరికానా, ఇక్కడ జేఆర్‌ఎఫ్‌ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) నయమా?
– ఒక తండ్రి, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఆ రూల్ మీ అమ్మాయి నింపే అప్లికేషన్ గురించి కాదండీ. ల్యాబ్ నడిపే ప్రొఫెసర్ డబ్బు కోసం పెట్టుకునే దరఖాస్తు గురించి. 2025 సెప్టెంబరు 25 నుంచి ఒకరు ఏడాదికి ఆరుకు మించి పంపకూడదు. చాలావరకు ఏఐ చేత రాయించినదాన్ని సొంత ఆలోచనగా ఒప్పుకోరు. ఒకరైతే ఒక్క విడతలోనే 40కి పైగా పంపారు మరి, ఎన్‌ఐహెచ్ వాళ్లు మాత్రం ఏం చేస్తారు!

మీ అసలు టెన్షన్ వేరే. మధ్యలో డబ్బు ఆగిపోతే పిల్ల అక్కడ ఒంటరిగా ఇరుక్కుంటుందేమోనని. ఆ భయంలో న్యాయముంది. బయోమెడికల్ పీహెచ్‌డీల్లో స్టైపెండు చాలాసార్లు గైడు గ్రాంటులోంచే వస్తుంది. 2025లో యూనివర్సిటీలకు ఓవర్‌హెడ్ (భవనాలు, కరెంటు, ఆఫీసు లాంటి ఖర్చులు) కింద ఇచ్చే వాటాను ఎన్‌ఐహెచ్ 15 శాతానికి దించబోతే కోర్టు ఆపింది. గ్రాంట్ల మీద నడిచిన ఆ ఏడాది గందరగోళంలో కొన్నిచోట్ల సీటిచ్చి కూడా వెనక్కి తీసుకున్నారు.

అందుకే ఏ దేశమని కాదు, జీతం ఎవరి పేరు మీద వస్తుందో అడగండి. పరీక్ష రాసి ఐసీఎంఆర్ (మన వైద్య పరిశోధన మండలి) ఇచ్చే జేఆర్‌ఎఫ్ ఫెలోషిప్ తెచ్చుకుంటే నెలకు 37,000, రెండేళ్లయ్యాక ఎస్‌ఆర్‌ఎఫ్‌గా (సీనియర్ ఫెలోగా) 42,000. అది అమ్మాయి పేరు మీదే ఉంటుంది, గైడు ప్రాజెక్టు అయిపోయినా పోదు. అదే ఒక ప్రాజెక్టులో జేఆర్‌ఎఫ్‌గా చేరితే, ప్రాజెక్టుతోపాటే జీతమూ అయిపోతుంది. పేరు రెండింటికీ ఒకటే, ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ఫెలోషిప్ డబ్బు మాత్రం నెలనెలా ఠంచనుగా పడుతుందని నేను చెప్పను.

ఇక కన్సల్టెన్సీ. పోయినేడాది ఒకమ్మాయి ఇలాంటి ప్యాకేజీ ఎస్‌వోపీ పట్టుకొచ్చింది. ‘చిన్నప్పుడు మా నాయనమ్మ డయాబెటిస్‌తో పడ్డ బాధ చూసి పరిశోధన చేయాలనుకున్నాను’ అని మొదలైంది. నాయనమ్మకు ఇప్పుడెలా ఉందమ్మా అన్నాను. ‘ఆవిడకు షుగరే లేదు సార్, కాఫీలో మూడు చెంచాల పంచదార వేయించుకుంటుంది’ అంది. ఇంటర్వ్యూలో ఆ ప్రశ్న ప్రొఫెసర్ అడిగితే? డబ్బిచ్చి వేయించుకున్న పేపర్లో రెండో బొమ్మ గురించి అడిగితే? తన పేరున్న పేపరు తనకే తెలియకపోతే సీటు పోవడం ఒక్కటే కాదు, ఆ పేపరు ఎప్పటికీ పేరు వెంటే ఉంటుంది. దయచేసి అడ్వాన్సు కట్టకండి. కట్టేసి ఉంటే, ఆ డబ్బు పోయిందనుకోండి.

మీకు కోపం వచ్చినా ఒక మాట అంటాను. మీరు రాసినదాంట్లో ‘అనుకుంటున్నాం’ ఉంది. అమ్మాయి ఏమనుకుంటోందో లేదు. తనకు ఏ పని ఇష్టం, ఎమ్మెస్సీ ప్రాజెక్టు దేనిమీద చేస్తోంది, ఒక్క ముక్క లేదు. అప్లికేషన్ లాగిన్ కూడా మీ ఫోన్లోనే ఉందేమో! ఐదారేళ్లు రోజూ ల్యాబ్‌కి పోవాల్సింది మీరు కాదు కదా.

కంగారు పడకండి. ఎమ్మెస్సీ అయ్యాక ఒక ఏడాది ఆగితే కొంపలేం మునగవు. మంగళగిరి ఎయిమ్స్ వెబ్‌సైట్లో ప్రాజెక్టు స్టాఫ్ నోటిఫికేషన్లు పడుతుంటాయి, చూడమనండి. ఆర్నెల్లు ల్యాబ్‌లో పిపెట్ పట్టుకుని పనిచేస్తే తనకు ఇది సరిపడుతుందో లేదో తనకే తెలుస్తుంది. ఆ అనుభవంతో రాసిన ఎస్‌వోపీకి ఏ కన్సల్టెన్సీ అక్కర్లేదు. జేఆర్‌ఎఫ్‌కి చదువుతూనే అమెరికాకీ అప్లై చేయొచ్చు, ఒకటి ఎంచుకుంటే రెండోది మూసుకుపోదు.

ఈలోగా ఒక ఆదివారం అమ్మాయిని తీసుకురండి. మీరు కాసేపు బయట కూర్చుని పేపరు చదువుకోండి, నేను తనతో మాట్లాడతాను.