అమెరికన్ గాయని అరీతా ఫ్రాంక్లిన్ కచేరీ చిత్రం ‘అమేజింగ్ గ్రేస్’ 46 ఏళ్లు ఎందుకు ఆగిపోయింది?

1972 జనవరిలో తీసిన ఈ చిత్రం 2018 దాకా బయటికి రాకపోవడానికి అసలు కారణం, చిత్రీకరణలో క్లాప్ కొట్టకపోవడం వల్ల బొమ్మకు శబ్దాన్ని జతచేయలేకపోవడమే.

ఆనాటి ఫిల్మ్ కెమెరా బొమ్మను మాత్రమే పట్టేది. పాట విడిగా టేపు మీద రికార్డయ్యేది. క్లాప్ బోర్డు పలకలు కలిసిన ఫ్రేమునూ, టేపులో ఆ చప్పుడు వినిపించే చోటునూ కలిపితే మిగతాదంతా వరుసలో పడుతుంది. లాస్ ఏంజెలిస్ చర్చిలో రెండు రాత్రులు జరిగిన ఆ గానాన్ని దర్శకుడు సిడ్నీ పొలాక్ బృందం ఈ చిన్న పని చేయకుండానే పలు కెమెరాలతో తీసింది. ఏ కెమెరా ఎప్పుడు మొదలైందో, ఎప్పుడు ఆగిందో గుర్తే లేదు. ఉదాహరణకు, బృందగాయకుల నోళ్లు మాత్రమే కదులుతున్న ఒక ముక్క దొరికిందనుకోండి. అది ఏ రాత్రిది, ఏ పాట, ఏ చరణం? పెదవుల కదలికను చదివేవారిని పెట్టినా పని తెమలలేదు. విచిత్రమేమిటంటే, శబ్దం చక్కగా ఉండటంతో ఆల్బమ్ 1972లోనే వచ్చేసింది. బొమ్మకు మాత్రం నిర్మాత అలన్ ఎలియట్ పూనుకొని, డిజిటల్ పద్ధతిలో జతచేయించేదాకా మోక్షం లేదు.

అరీతాయే ఇన్నేళ్లూ అడ్డుపడ్డారన్నది చాలామంది అపోహ. ఆమె కోర్టుకెళ్లిన మాట నిజమే, కానీ అది 2011లోనూ 2015లోనూ. అప్పటికే దాదాపు నలభై ఏళ్లు గడిచాయి. 2018 ఆగస్టులో ఆమె మరణించాక కుటుంబం అనుమతించడంతో అదే ఏడాది నవంబరులో ప్రదర్శించారు.