ఓడిపోతున్న టీమ్‌కు పాత వీరుల విగ్రహాలు ఎందుకు?

ప్రశ్న: మేము వాషింగ్టన్ పక్కనే వర్జీనియాలో ఉంటాం. పిల్లలతో నేషనల్స్ బేస్‌బాల్ మ్యాచ్‌లకు వెళ్తుంటాం. 2019లో వరల్డ్ సిరీస్ (సీజన్ చివర ఛాంపియన్‌ను తేల్చే పోటీ) గెలిచిన ఈ టీమ్‌కు 2020 నుంచి 2025 దాకా ఒక్క సీజన్‌లో కూడా ఓటముల కన్నా గెలుపులు ఎక్కువ లేవు. స్టేడియం దగ్గర చూస్తే వాల్టర్ జాన్సన్, ఫ్రాంక్ హోవర్డ్, జోష్ గిబ్సన్ విగ్రహాలు. ముగ్గురిలో ఒక్కరూ ఈ టీమ్‌కు ఆడలేదు. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టు లేదా?

జవాబు: మీ కోపం న్యాయమే. టికెట్ డబ్బులు తీసుకుని 2022లో 107 మ్యాచ్‌లు ఓడిపోతే ఎవరికైనా మండుతుంది. కానీ ఆ సామెత ఇక్కడ పొసగదు, ఎందుకంటే నెయ్యి తాగింది టీమ్ తాతలు కాదు, ఊరి తాతలు.

వాషింగ్టన్‌లో 1901 నుంచి ఉన్న సెనేటర్స్ టీమ్ 1960 సీజన్ అయ్యాక మిన్నెసోటాకు వెళ్లిపోయింది. దాని స్థానంలో వచ్చిన రెండో సెనేటర్స్ 1971 తర్వాత టెక్సస్‌కు వెళ్లింది. ఆ తర్వాత 33 సీజన్లు ఊళ్లో మేజర్ లీగ్ (అగ్రశ్రేణి బేస్‌బాల్) టీమే లేదు, 2005లో మాంట్రియల్ టీమ్ వచ్చి నేషనల్స్ అయ్యేదాకా. ఇల్లు ఖాళీ చేసినవాళ్లు గోడ మీది ఫొటోలు కూడా పట్టుకుపోయినట్టు, మొదటి సెనేటర్స్ పిచర్ (బంతి విసిరేవాడు) జాన్సన్ గెలిపించిన 417 మ్యాచ్‌లు ఇప్పుడు మిన్నెసోటా లెక్కలో ఉన్నాయి. ఆ ఫొటోలు మళ్లీ తగిలించడానికి ఈ ఊళ్లో నేషనల్స్ తప్ప ఇంకెవరున్నారు?

1971 సెప్టెంబర్ 30, సెనేటర్స్ ఆఖరి రాత్రి. యాంకీస్ మీద 7-5 ఆధిక్యం, ఇంకొక్క ఔట్ చాలు. అంతలో జనం ఆగలేక మైదానంలోకి దూకి బేస్‌లు, గడ్డి, చేతికందింది గుర్తుగా పీక్కుపోయారు. ఆట సాగక అంపైర్లు మ్యాచ్‌ను 9-0గా యాంకీస్‌కు ఇచ్చేశారు. ఆ రాత్రి కూడా సెనేటర్స్ బ్యాటర్ హోవర్డ్ ఒక హోమ్ రన్ (బంతిని మైదానం దాటించే దెబ్బ) కొట్టాడు. అతని బంతులు పై అంతస్తులో ఎక్కడ పడ్డాయో ఆ కుర్చీలకు అప్పట్లో తెల్ల రంగు వేసేవాళ్లు. ఇంత చేసీ ఆ రెండో సెనేటర్స్ 11 సీజన్లలో ఓటముల కన్నా గెలుపులు ఎక్కువ ఉన్నది ఒక్కసారే, 1969లో. అంటే హోవర్డ్ కూడా ఓడిపోయే టీమ్ మనిషే. ఓడుతున్న టీమ్‌కు అతన్ని తలచుకునే అర్హత లేదనడం నాకు అస్సలు నచ్చదు.

గిబ్సన్ సంగతి వేరు, అది గౌరవం కూడా కాదు, బాకీ. నల్లజాతివాడని మేజర్ లీగ్‌లోకి రానివ్వలేదు. నల్లజాతి ఆటగాళ్ల టీమ్ హోమ్‌స్టెడ్ గ్రేస్ తరఫున వాషింగ్టన్ గ్రిఫిత్ స్టేడియంలో ఆడి, 1947 జనవరిలో 35 ఏళ్లకే పోయాడు, నల్లజాతి ఆటగాడు జాకీ రాబిన్సన్ మేజర్ లీగ్‌లో ఆడి ఆ గోడ బద్దలుకొట్టడానికి మూడు నెలల ముందు. 2024లో నీగ్రో లీగ్ (నల్లజాతి ఆటగాళ్ల విడి లీగ్‌లు) అంకెలు అధికారిక రికార్డుల్లో కలిపాక .372 బ్యాటింగ్ సగటుతో అతనే అందరికన్నా పైన నిలిచాడు.

ఇక గెలుపు మాట. ఆ విగ్రహాలు పెట్టింది 2009లో, ఆ ఏడాది టీమ్ 103 మ్యాచ్‌లు ఓడింది. అంతకుముందు ఏడాది అట్టడుగున నిలిచినందుకు, కొత్త ఆటగాళ్లను ఎంచుకునే డ్రాఫ్ట్‌లో వచ్చిన మొదటి ఎంపికతో అదే 2009లో పిచర్ స్ట్రాస్‌బర్గ్‌ను తీసుకున్నారు, పదేళ్ల తర్వాత వరల్డ్ సిరీస్‌లో అత్యుత్తమ ఆటగాడు అతనే. విగ్రహం ఒకవైపు, టీమ్ కట్టుకోవడం ఒకవైపు, రెండూ జరిగాయి.

ఈసారి వెళ్లినప్పుడు జాన్సన్ విగ్రహం దగ్గర కాసేపు ఆగండి. అన్ని చేతులెందుకని పిల్లలు అడుగుతారు, బంతి విసిరే ఒక్క చేతి ఊపునే శిల్పి అలా చూపించాడు. అక్కడే 1924 కథ చెప్పండి: 18వ సీజన్‌లో మొదటిసారి వరల్డ్ సిరీస్‌కు చేరి, అందులో తను పిచర్‌గా మొదలుపెట్టిన రెండు మ్యాచ్‌లూ ఓడి, ఏడో మ్యాచ్‌లో తొమ్మిదో ఇన్నింగ్స్‌కు మళ్లీ బంతి పట్టి, పన్నెండో ఇన్నింగ్స్ దాకా ఒక్క పరుగూ ఇవ్వకుండా గెలిచినవాడి కథ.