బాద్మె కోసమే ఆ యుద్ధం జరిగిందంటే నేను ఒప్పుకోను

గనుల్లేవు, చమురు లేదు, సరిహద్దులోని బాద్మె లాంటి దుమ్ముకొట్టుకుపోయిన చిన్న ఊరి కోసం ఇథియోపియా, ఎరిత్రియా అంత పెద్ద యుద్ధానికి ఎందుకు దిగాయని అడిగారు. 1998లో నేను ఇథియోపియా రాజధాని ఆడిస్ అబాబాలో ఉపాధ్యాయుడిగా ఉన్నాను. నన్నడిగితే బాద్మె ఒక సాకు మాత్రమే. గొడవ డబ్బు దగ్గర మొదలై పౌరుషం దగ్గర ముదిరింది.

ఎరిత్రియా నాయకుడు ఇసయాస్ అఫెవర్కి, ఇథియోపియా నాయకుడు మెలెస్ జెనావి పాత సహచరులు. ఇద్దరి దళాలూ కలిసి పోరాడి 1991లో ఇథియోపియా నియంత మెంగిస్తును గద్దె దించాయి. 1993లో రెఫరెండం జరిగి ఇథియోపియా నుంచి ఎరిత్రియా విడిపోతుంటే మెలెస్ అడ్డు చెప్పలేదు. అంత సఖ్యతగా ఉన్న రోజుల్లోనే కూర్చుని హద్దురాళ్లు పాతుకోవాల్సింది. ఆ పని చెయ్యలేదు. ఇటలీ ఏలుబడిలో 1900, 1902, 1908లలో రాసుకున్న ఒప్పందాలే మిగిలాయి, వాటికి ఎవరి అర్థం వాళ్లు చెప్పుకున్నారు.

విడిపోయాక కూడా రెండు చోట్లా ఇథియోపియా కరెన్సీ బిర్రే చెల్లేది. 1997 నవంబరులో ఎరిత్రియా నక్ఫా అనే సొంత కరెన్సీ తెచ్చి, అది బిర్రుతో సమానంగా చెల్లాలంది. ఇథియోపియా కుదరదంది, వ్యాపారం డాలర్లలో చెయ్యమంది. అప్పటిదాకా ఇటూ అటూ తిరిగిన సరుకు ఆగిపోయింది. ఆరు నెలలు తిరిగాయో లేదో, 1998 మే 6న బాద్మె దగ్గర కాల్పులు జరిగాయి. 12న ఎరిత్రియా ట్యాంకులు వచ్చేశాయి. దానికి ముందురోజే పోఖ్రాన్‌లో మన అణుపరీక్ష. ఇంటి నుంచి వచ్చిన ఉత్తరాల నిండా అదే. మేం ఉన్న చోట యుద్ధం మొదలైందని మనవాళ్లకు తెలియనే లేదు. ఆఫ్రికా అంటే మన పేపర్లకు ఇప్పటికీ ఆ చిన్నచూపు పోలేదు, నాకు ఒళ్లు మండుతుంది.

మా పక్కింటాయన ఎరిత్రియా రాజధాని అస్మారాలో పుట్టినవాడు. ఆడిస్‌లో గ్యారేజీ పెట్టుకుని ఎన్నో ఏళ్లుగా అక్కడే ఉన్నాడు. భార్య ఇథియోపియా మనిషి. ఆ ఏడాదే ఒక రాత్రి పోలీసులు వచ్చారు. 1993 రెఫరెండంలో ఓటేశావు కాబట్టి నువ్వు ఎరిత్రియా పౌరుడివి, బయల్దేరు అన్నారు. ఆ ఓటు ఆయన ఆడిస్‌లోనే, ఇథియోపియా ప్రభుత్వం సరేనన్నాకే వేశాడు. అయినా పెట్టెలోంచి తీయించిన ఆ ఓటు కార్డే ఆయన మీద సాక్ష్యమైంది. ఆవిడ కాఫీ కాచే జెబెనా చేత్తో పట్టుకుని అలాగే గేటు దాకా వచ్చేసింది, కింద పెట్టాలని కూడా తోచలేదు. పిల్లలు మాత్రం ఆయన చొక్కా వదల్లేదు. ఒక పోలీసే వాళ్ల వేళ్లు ఒక్కొక్కటిగా విడదీశాడు. తర్వాత గ్యారేజీ తలుపుకు కాగితం అంటించి సీలు వేశారు. ఆయన్ను బస్సులో సరిహద్దుకు తీసుకెళ్లారని మాకు తరవాత తెలిసింది.

అలా ఇథియోపియా పంపేసినవాళ్లు సుమారు 75 వేల మంది. అటు నుంచి ఎరిత్రియా కూడా వేలాది ఇథియోపియన్లను వెళ్లగొట్టింది. నిజంగా ఊరి కోసమే అయితే గ్యారేజీ మెకానిక్ ఏం అడ్డమొచ్చాడు? పోరు సాగిన రెండేళ్లలో 70 వేల నుంచి లక్ష మంది దాకా చనిపోయారని అంచనా. వాళ్లలో చాలామంది కందకాల్లో పోయిన కుర్రాళ్లు.

2000 డిసెంబరులో అల్జీర్స్‌లో శాంతి ఒప్పందం మీద సంతకాలయ్యాయి. 2002లో సరిహద్దు కమిషన్ బాద్మె ఎరిత్రియాదే అని తేల్చింది. ఇథియోపియా మాత్రం ఊరు వదల్లేదు. చివరికి 2018లో ఇథియోపియా ప్రధాని అబీ అహ్మద్ ఆ తీర్పుకు ఒప్పుకుని అస్మారా వెళ్లాడు, మరుసటి ఏడాది నోబెల్ శాంతి బహుమతి అందుకున్నాడు. ఇప్పుడు మళ్లీ టెన్షన్ మొదలైంది. ఈసారి గొంతులు లేస్తున్నది యుద్ధంతో ఇథియోపియాకు మూసుకుపోయిన ఎరిత్రియాలోని అస్సబ్ రేవు గురించి. బాద్మె పేరు పెద్దగా ఎవరూ ఎత్తడం లేదు.