వార్సాకు దారి చూపిన చిత్రాలు

ప్రశ్న: పోలండ్ రాజధాని వార్సా నగరాన్ని ఒక ఇటలీ చిత్రకారుని చిత్రాలను చూసి తిరిగి కట్టారని విన్నాను. ఆయన ఎవరో తెలుపగలరా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: ఆయన బెర్నార్డో బెల్లొట్టో. వెనిస్‌లో పుట్టి, నగర దృశ్యాలకు యూరప్ అంతటా పేరు పొందిన మేనమామ కనలెట్టో వద్ద పని నేర్చుకున్నారు. ఆ మేనమామ పేరును తన సంతకంలోనూ చేర్చుకున్నారు. 1747లో జర్మనీలోని డ్రెస్డెన్ వెళ్లి అక్కడ ఆస్థాన చిత్రకారుడయ్యారు. ఆ తరువాత పోలండ్ రాజు స్తానిస్వాఫ్ ఆగస్ట్ కొలువులో చేరి, 1780లో మరణించే వరకు వార్సాలోనే ఉన్నారు.

ఆయన చిత్రాలలో మేడల కిటికీలు, గోడల మీది నగిషీలు, వీధిలో నడిచే సామాన్యులు, బండ్లు, గుర్రాలు ఎంతో ఓపికగా గీసినట్లు కనిపిస్తాయి. 1944లో జర్మన్ సేనలు నగరాన్ని నేలమట్టం చేశాక, యుద్ధానికి ముందు తీసిన కొలతల పటాలతో పాటు ఈ చిత్రాలు కూడా వాస్తుశిల్పులకు ఆధారమయ్యాయి. అయితే అందం కోసం ఆయన అక్కడక్కడ చేసిన మార్పులు కూడా కొత్త కట్టడాలలోకి వచ్చాయి. చిత్రకారుని ఊహ ఇటుకలుగా మారిన అరుదైన సందర్భమిది. మన విజయనగరం గంటస్తంభం పరిసరాలను ఎవరైనా ఇంత శ్రద్ధగా చిత్రించి ఉంటే ఎంత బాగుండేదో అనిపిస్తుంది. నాజీలు ఎత్తుకుపోయిన బెల్లొట్టో చిత్రాలు యుద్ధం తరువాత తిరిగి చేరాయి. వాటిలో 22 చిత్రాలను, 1971 నుంచి మళ్లీ కట్టిన వార్సా రాజకోటలో ఒకే గదిలో నేడు చూడవచ్చు.